యేసోబు ఎత్తుకుపోయిన రోడ్డు

రహదారుల విస్తరణ శాఖ పెద్దలారా! మా యేసోబు దొంగ కాదు. దొంగలు మీరు. అతని సొంత ట్రైలర్‌ను రోడ్డు అని రాసుకున్నది మీరు. దానికి తారు పోయించింది మీరు, రిబ్బను కట్టించింది మీరు, శిలాఫలకం బిగించింది మీరు. తన బండి తాను తోలుకుని తన పని మీద తాను పోతుంటే "రోడ్డు ఎత్తుకుపోయాడు" అని కేసు పెట్టించిందీ మీరే. ఇవాళ యేసోబు మా మండలం పోలీసు స్టేషన్ లాకప్‌లో ఉన్నాడు. పక్కనున్న కోళ్ళ దొంగ "నువ్వేం ఎత్తుకెళ్ళేవన్నా?" అని అడిగాడట. "రోడ్డు" అన్నాడు యేసోబు. ఆ కోళ్ళ దొంగ లేచి తన చాప ఇచ్చేశాడట.

మీకు సిగ్గు లేకపోవచ్చు, మాకు టైము లేదు. ఎర్రకోడు పూడిపోయి ఉంది. చేలు మునిగి ఉన్నాయి. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదవండి. చదివాక చివర్లో చెప్పిన పని చెయ్యండి.

మాది వెదుళ్ళపాడు. డెల్టాకు అట్టడుగున ఉన్న ఊరు. పై ఊళ్ళ మురుగంతా ఎర్రకోడు అనే కాలువలో పడి మా మీదుగా సముద్రానికి పోవాలి. పోవాలి అన్నాను, పోతోంది అనలేదు. కాలువ ఉప్పునీటిలో కలిసే చోటును మేం మొగ అంటాం. ఆ మొగ దగ్గర గుర్రపుడెక్క పెరిగి పెరిగి గేదెలు నడిచిపోయేంత గట్టి చాప అయింది. దాని కింద మనిషి లోతు పూడిక. వాన పడితే నీళ్ళు ముందుకు పోలేక వెనక్కి తిరిగి, చుట్టపుచూపుగా మా చేలలోకి వచ్చి, చుట్టాల్లాగే కదలకుండా కూర్చుంటున్నాయి.

ఆ చేలలో రెండెకరాలు పల్లాలమ్మ కౌలుకు చేస్తోంది. మొదట ఊడ్చిన వరినాటు మునిగి కుళ్ళిపోయింది. మళ్ళీ నారు సంపాదించి రెండోసారి ఊడ్చింది. అదీ మునుగుతోంది. వరి మొక్క చివర నీళ్ళ పైన కనపడుతున్నంతసేపు దాని ప్రాణం దాన్ని పట్టుకుని ఉంటుంది. చివర కూడా మునిగిందా, ఇక అది ఎరువే. మూడోసారి ఊడ్చడానికి నారూ లేదు, అదునూ లేదు. పల్లాలమ్మ రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడి ఆ చివరలు వేళ్ళతో కొలుచుకుంటోంది.

మొగ తవ్వాలంటే పొక్లెయిన్ కావాలి. ఊరంతా కలిసి ఒకటి మాట్లాడుకున్నాం. సత్తిపండు దాన్ని నడిపేవాడు. సంతపాకల సెంటర్లో మిషను పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అక్కణ్ణించి మొగ దాకా తారు రోడ్డు. చేలకు అడ్డంపడి పోతే మిషను బురదలో దిగబడి కనపడకుండా పోతుంది. రోడ్డు మీద నడిపిద్దామంటే సెంటర్లోనే మీ శాఖ బోర్డు ఉంది: "ఇనుప చైన్లపై నడుచు యంత్రములు తారు రోడ్డు ఎక్కరాదు. ఉల్లంఘించువారు శిక్షార్హులు." న్యాయమే. చైన్లు తారును చీరేస్తాయి. మీ తారుకు చైన్లదాకా ఎందుకు, మేకల మంద చాలు. అది వేరే సంగతి.

అందుకే యేసోబును పిలిచాం. యేసోబుది యంత్రాలను మోసే ట్రైలర్. ముందు లారీ, వెనక పొడుగాటి ఇనప బల్ల. మీట లాగితే బల్ల ముందు కొస పైకి లేచి వెనక కొస నేలకు ఆనుతుంది. పొక్లెయిన్ ఆ వాలు మీద పాక్కుంటూ ఎక్కి సగం దాటగానే బల్ల తక్కెడలాగా వాలి సమంగా కూర్చుంటుంది. గొలుసులు బిగించి తీసుకుపోవడమే. అంతకన్నా అందులో మర్మమేమీ లేదు.

యేసోబు వచ్చాడు. సెంటర్లో బండి ఆపి బల్ల దించాడు. సన్నగా వాన పడుతోంది. పల్లాలమ్మ కొబ్బరికాయ కొట్టి, పొక్లెయిన్ చైన్ల కింద నిమ్మకాయలు పెట్టింది. సత్తిపండు దండం పెట్టుకుని మిషను స్టార్టు చేశాడు.

సరిగ్గా అప్పుడు మీ జీపు వచ్చింది.

జీపులో మీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ప్రభాకరమూర్తిగారు నిద్రపోతున్నారు. పాపం, దిగులుతో వచ్చిన నిద్ర. ఈ ఏడు ప్రభుత్వం "నవపథ మహోద్యమం" అని ఒకటి మొదలెట్టింది. ప్రతి డివిజనూ ఇన్ని కొత్త రోడ్లని చూపించాలి. చూపించమన్నారు, వెయ్యమనలేదు. ఆ చూపించడం కూడా ఈయనకు చేతకాలేదు. మీటింగుల్లో తక్కిన ఇంజనీర్లు కిలోమీటర్లు చూపిస్తుంటే ఈయన బల్ల మీది బిస్కెట్లు చూస్తూ కూర్చుంటున్నారట.

జీపు అద్దం మీద వాన. ముందు రోడ్డు ఎత్తుగా లేస్తోంది. డ్రైవరు అది కొత్త వంతెన అనుకున్నాడు. గేరు మార్చి తిన్నగా మా బల్ల మీదకు ఎక్కించేశాడు. బల్ల తక్కెడలా వాలి సమంగా కూర్చుంది. జీపు ఆగింది.

ప్రభాకరమూర్తిగారికి మెలకువ వచ్చింది. సర్వీసంతా ఆయనకు గతుకుల వల్లే మెలకువ వచ్చేది. గతుకు లేక మెలకువ రావడం అదే మొదలు.

"ఏమయ్యా, రోడ్డు దిగిపోయామా?"

"లేదండి. ఎక్కేవండి."

"మరి కుదుపు లేదేం?"

"అదేనండి నాకూ భయమేసింది. అందుకే ఆపేసేను."

ఆయన దిగారు. బల్లను బూటుతో తట్టారు. వంగి చేత్తో నిమిరారు. యేసోబు పరిగెత్తుకొచ్చాడు.

"సార్, సార్! అది నా బల్లండి. జీపు ఎనక్కి తీయించండి, మిషను ఎక్కాలి."

"ఇది భూమికి ఆని ఉంటుందా?"

"ఇందాక ఆనిందండి."

"దీనిమీదకు వాహనం ఎక్కిందా?"

"మీదే ఎక్కిందండి."

"దిగగలదా?"

"దిగితే దణ్ణం పెడతానండి."

ప్రభాకరమూర్తిగారు కళ్ళు మూసుకుని, మహోద్యమం నిబంధనను సుప్రభాతం చదివినట్టు చదివారు. "భూమికి ఆనునదై, వాలుగా గాని సమముగా గాని యుండి, వాహనము ఎక్కుటకును దిగుటకును వీలు కల్పించు ఎట్టి తలమైనను రహదారిగా పరిగణింపబడును." కళ్ళు తెరిచారు. కళ్ళ నిండా నీళ్ళు. "ఇది రహదారి!"

"ట్రైలరండి."

"అది నీ వ్యక్తిగత అభిప్రాయం."

జీపు దిగింది. మేం బతికామనుకున్నాం. ఆయన మాత్రం కదల్లేదు. యేసోబు పక్కనే గొడుగు పట్టించుకుని నిలబడి, "ఎత్తు" అన్నారు. యేసోబు బల్ల ఎత్తాడు. "దించు" అన్నారు. దించాడు.

"ఇందాకటిది ఒక రోడ్డు. ఇది రెండోది."

"అదేంటండి? బల్ల ఒకటేగా?"

"ఎత్తినప్పుడు పాత రోడ్డు మూతపడింది. దించినప్పుడు కొత్త రోడ్డు ఆవిర్భవించింది."

"మరి మూతపడ్డదాన్ని తీసెయ్యరాండి?"

ప్రభాకరమూర్తిగారు జాలిగా నవ్వారు. "మహోద్యమం ఫారంలో, వేసిన రోడ్లకు గడి ఉందయ్యా. పోయిన రోడ్లకు గడి లేదు."

ఇక చూడండి. ఎత్తు, దించు. ఎత్తు, దించు. బండి ఒక మూర ముందుకు పోనిచ్చి మళ్ళీ ఎత్తు, దించు. సెంటర్లో జనం పోగయ్యారు. మిరపకాయ బజ్జీల బండి వచ్చింది. బల్ల దిగినప్పుడల్లా జనం "రోడ్డో!" అని కేకేస్తున్నారు. పొద్దు వాలేసరికి ప్రభాకరమూర్తిగారి డివిజను రాష్ట్రంలో మొదటి స్థానంలోకి వచ్చేసింది. పక్క డివిజను ఇంజనీరు ఫోను చేసి "మీరు ఏ కాంట్రాక్టరును పెట్టుకున్నారండీ?" అని అడిగాడట.

పల్లాలమ్మ ముందుకొచ్చింది. "బాబూ, తమరి ఆట అయ్యిందా? మిషను ఎక్కిత్తే మా మొగ తవ్వుకుంటాం. నా చేలో నారు జానెడే కనబడతంది."

"ఆట కాదమ్మా, అభివృద్ధి."

"అభివృద్ధే లెండి. అయ్యిందాని అడుగుతన్నాను."

కాలేదు. తారు లేని రోడ్డుకు మార్కులు తక్కువట. మర్నాడు పొద్దున్నే కాంట్రాక్టరు కంకరా తారూ తెచ్చి బల్ల మీద పోయించాడు. పైన రోలరు తిప్పాడు. మధ్యలో తెల్ల గీత గీయించాడు. గీతకు అడ్డంగా స్పీడ్ బ్రేకరు కట్టించాడు.

"ముప్ఫై అడుగుల బల్లకి స్పీడ్ బ్రేకరెందుకండి?" అన్నాడు యేసోబు.

"వేగంగా వచ్చినవాడు ఎదురుగా ఉన్న నీ లారీని గుద్దుకోడూ? ప్రజల ప్రాణాలంటే నీకు లెక్క లేదేం?"

యేసోబు రాత్రి లారీలో పడుకుంటాడని తెలిసి, రోడ్డుకు అడ్డంగా నివాసమున్నందుకు సంజాయిషీ అడిగారు. లారీ తియ్యమన్నారా? లేదు. లారీ తీస్తే రోడ్డు కింద పడుతుంది. లారీ ఉండాలి, యేసోబు ఉండకూడదు. యేసోబు ఆ రాత్రి బజ్జీల బండి కింద పడుకున్నాడు.

తారు ఆరగానే సత్తిపండు మిషను తోలుకొచ్చాడు. ప్రభాకరమూర్తిగారు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డారు.

"ఎక్కడికి?"

"బల్ల మీదికండి."

"చైన్లతోనా? తారు రోడ్డు మీదకా? ఎదురుగా బోర్డు కనబడలేదా?"

సత్తిపండు బోర్డు చూశాడు, బల్ల చూశాడు, తన చైన్లు చూసుకున్నాడు. "మరి నేను మొగకి ఎలా ఎళ్ళాలండి?"

"చైన్ల యంత్రాలు ట్రైలర్ మీద వెళ్ళాలి. నిబంధన స్పష్టంగా ఉంది."

"ట్రైలరు ఇదేగదండి!"

"ఇది రోడ్డు. రోడ్డు ఎక్కాలంటే ఇంకో ట్రైలర్ తెచ్చుకో."

మేం వెర్రివాళ్ళం, తెచ్చాం. పక్క టౌను నుంచి ఇంకో ట్రైలర్‌ను బతిమాలి తెచ్చాం. అది వచ్చి మొదటిదాని తోక దగ్గర నిలబడి బల్ల దించింది. దించిన మరుక్షణం ప్రభాకరమూర్తిగారి ముఖం కవల పిల్లల తండ్రి ముఖంలా వెలిగింది. "ఇంకో రోడ్డు! తారు పొయ్యండి!" మూడోదాన్ని తెచ్చాం. అదీ అంతే. ఆ కబురు జిల్లా అంతా పాకింది. మర్నాటికి జిల్లాలో ఒక్క ట్రైలర్ కూడా రోడ్డు మీద లేదు. అన్నీ జీడితోటల్లో దూరి, మీద కొబ్బరాకులు కప్పుకుని, ఊపిరి బిగపట్టి కూర్చున్నాయి. వచ్చిన ఆ ఇద్దరు డ్రైవర్లు కూడా తారు వేడిగా ఉండగానే గడ్డపారలతో గీకేసుకుని పారిపోయారు. మిగిలింది యేసోబు ఒక్కడే. అతని లారీ తాళం ప్రభాకరమూర్తిగారి జేబులో ఉంది మరి.

మంత్రిగారు ప్రారంభోత్సవానికి వస్తున్నారని చెప్పారు. ముందురోజు రిహార్సలు. మంత్రిగారి ఎదుట రోడ్డు ఒకసారి లేచి దిగాలి, అది డివిజను గర్వకారణం. ఎత్తారు. వాలు మీద తారు నిలుస్తుందా? కంకర గలగలమని జారి కుప్పపడింది. అంటుకున్న చోట అంటుకుని, లేచిన చోట లేచి, బల్ల ముందు భాగమంతా పళ్ళూడిన నోరులా తయారైంది. ఆ మీద వాన. గుంతల్లో నీళ్ళు. అప్పుడు దానికి మీ శాఖ రోడ్డు కళ వచ్చింది.

ఇక్కడ మా జిల్లా అలవాటు ఒకటి చెప్పాలి. రోడ్డు గుంతల్లో నీళ్ళు నిలిస్తే మేం అందులో వరినాట్లు వేస్తాం. పేపర్లో ఫొటో పడుతుంది. మర్నాడు మీ వాళ్ళొచ్చి గుంతలో తట్టెడు బూడిద పోసి పోతారు. అదొక పద్ధతి. పల్లాలమ్మ ఇంటికెళ్ళి, చేలో సందులు పూరించడానికి దాచుకున్న నారుకట్ట తెచ్చింది. ఒక గంప చేలో మట్టి కూడా తెచ్చింది. చీర దోపి ట్రైలర్ ఎక్కింది. గుంతగుంతకూ ఇంత మట్టి వేసి, నాలుగు మొక్కలు గుచ్చింది.

"అక్కా, బల్లకి తుప్పట్టుద్దే," అన్నాడు యేసోబు.

"పట్టనీరా తమ్ముడా. తుప్పట్టినా బల్ల నీదే ఉంటాది. ఇలాగే వదిలేత్తే మన ఊరి రోడ్డని పేరు పెట్టేత్తారు."

మర్నాడు మంత్రిగారి కార్లు దుమ్ము లేపుతూ రావాలి గానీ వాన వల్ల బురద లేపుతూ వచ్చాయి. అప్పటికి నారు పీకించే టైము లేదు. మంత్రిగారు ఎక్కి, పచ్చటి మొక్కలు చూసి ఆగారు.

"ఏమిటివి?"

ప్రభాకరమూర్తిగారు చేతులు కట్టుకుని విన్నవించారు. "రహదారి మధ్య హరిత విభాజకం సార్. దేశంలో ప్రథమం."

మంత్రిగారు మైకు పుచ్చుకున్నారు. "ఒకే చోట రహదారి భద్రత! ఒకే చోట ఆహార భద్రత! రోడ్డు దగ్గరకు ప్రజలు పోయే రోజులు పోయాయి. ప్రజల దగ్గరకే రోడ్డు వచ్చే రోజులివి!" చప్పట్లు. రిబ్బను కోశారు. బల్ల పక్కకు బిగించిన గ్రానైటు ఫలకం మీద తెర లాగారు. ఒక చెంబుడు నీళ్ళు నారు మీద చల్లారు. పల్లాలమ్మ పక్కనుంచి "నీళ్ళొద్దు బాబూ, మాకు కావాల్సింది నీళ్ళు పోయే దారి" అంది. అప్పటికే బాజాలు మొదలయ్యాయి.

తర్వాత అందరూ భోజనాలకు షామియానాలోకి వెళ్ళారు. రోడ్డు లేచి దిగే ముచ్చట ఉందని, తాళం యేసోబు చేతికి ఇచ్చే ఉంచారు. లోపల గారెలు వడ్డిస్తున్నారు. బయట మేం నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"పల్లాలక్కా, నారు చివరలు ఎంతున్నాయి?" అన్నాడు యేసోబు.

పల్లాలమ్మ మూడు వేళ్ళు చూపించింది.

యేసోబు మీట లాగాడు. సత్తిపండు నిబంధన తప్పలేదండోయ్, అది మీరు గమనించాలి. ఎండుగడ్డి పరిచాడు, దాని మీద పాత టైర్లు పరిచాడు. చైను తారుకు తగలకుండా, వెనక సగంలోనే మిషనును ఎక్కించి నిలబెట్టాడు. ముందు సగంలో పల్లాలమ్మ చేతులు చాచి కాపలా. "నా నారు తొక్కేవంటే చైన్లు ఊడదీత్తానొరే సత్తిపండూ!" అని కేకలు. యేసోబు మీట తోసి బల్లను సమంగా కూర్చోబెట్టాడు. గొలుసులు బిగించారు. ఫలకం టకటక కొట్టుకుంటూ, కోసిన రిబ్బను గాల్లో ఎగురుతూ, జాతికి అంకితమైన రోడ్డు మొగ వైపు బయల్దేరింది.

సగం దారిలో తూము దగ్గర పోలీసులు ఆపేశారు.

ప్రభాకరమూర్తిగారి ఫిర్యాదు నేను చదివాను. "భోజనమునకు పూర్వము గౌరవ మంత్రివర్యులచే జాతికి అంకితము గావింపబడిన రహదారి, పెరుగన్నము వేళకు కానరాలేదు. సదరు రహదారిని యేసోబు అను వ్యక్తి, దానిపై నాటబడిన హరిత విభాజకముతో సహా, లారీకి తగిలించి తోలుకుపోయినాడు."

ఎస్సై భాగ్యరాజుగారు మంచివాడే. ఫిర్యాదు రెండుసార్లు చదివి, యేసోబును అడిగాడు. "నిజం చెప్పు. రోడ్డు ఎక్కడ దాచేవు?"

"మీ కాంపౌండులోనే ఉందండి."

"అది ట్రైలర్ కదరా?"

"ఆ మాటే మీరు రాసిచ్చేయండి, ఎళ్ళిపోతాను."

రాసివ్వలేడు. మంత్రిగారు రోడ్డు అన్నదాన్ని ఎస్సై ట్రైలర్ అనగలడా? యేసోబు లాకప్‌లోకి, ట్రైలర్ పొక్లెయిన్‌తో సహా స్టేషన్ ఆవరణలోకి పోయాయి. సొత్తు దొరికింది కాబట్టి ఇక వదిలేస్తారేమో అనుకున్నాం.

మర్నాడు ప్రభాకరమూర్తిగారు వచ్చారు. రోడ్డును గుర్తుపట్టి ఆనందించారు. టేపు తీశారు. రోడ్డు మధ్య నుంచి ఇటు నలభై అడుగులు, అటు నలభై అడుగులు కొలిపించారు. టేపు స్టేషన్ వరండా ఎక్కి, ఎస్సైగారి టేబుల్ దాటి, లాకప్ ఊచల మధ్యనుంచి పోయింది. కోళ్ళ దొంగ మర్యాదగా అటు కొస పట్టుకున్నాడు.

"భాగ్యరాజుగారూ, మీ స్టేషన్ రోడ్డు హద్దులో ఉంది. ఆక్రమణ."

"ఏవండోయ్! స్టేషన్ కట్టి నలభై ఏళ్ళయింది. మీ రోడ్డు నిన్న సాయంత్రం వచ్చింది!"

"ఎవరు ముందు వచ్చారన్నది శాఖకు అప్రస్తుతం. రోడ్డు పక్కకు జరగదు. జరిగితే దొంగతనం. ఆ కేసు మీరే కట్టారు. కాబట్టి స్టేషనే జరగాలి."

గోడల నిండా ఎర్ర గుర్తులు పెట్టించారు. లాకప్ గోడ మీద ఒకటి, ఎస్సైగారి కుర్చీ వెనక ఒకటి. కూల్చడానికి యంత్రం కావాలన్నారు. అటూ ఇటూ చూసి పొక్లెయిన్ దగ్గర ఆగారు. సత్తిపండు చేతులు కట్టుకున్నాడు.

"దిగమంటే దిగుతానండి. కానీ టైర్లూ గడ్డీ మీ వాళ్ళే సొత్తు కింద సీలు చేసేరు. ఉత్త చైన్లతో రోడ్డు మీద కదిలితే శిక్షార్హుణ్ణండి."

ప్రభాకరమూర్తిగారు మెచ్చుకున్నారు. "చూడండి, శ్రామికులకు ఉన్న చట్టభయం!" ఇక ఈ చిక్కుపై పైనుంచి వివరణ వచ్చేదాకా అన్నీ ఉన్నచోటే ఉండాలని చెప్పి వెళ్ళిపోయారు.

ఎస్సైగారు లాకప్ తలుపు తీశాడు. "ఒరే నాయనా యేసోబూ, నీకు దణ్ణం పెడతాను. తాళం ఇదిగో. పారిపో."

"పారిపోతే పట్టుకునేది మళ్ళీ మీరేగదండి?"

"పట్టుకోను!"

"మీరు కాపోతే ఇంకో స్టేషనోళ్ళు. అక్కడికీ ఈ రోడ్డొత్తాది. వాళ్ళ గోడలకీ ఎర్ర రంగేత్తారు. నా మూలంగా ఊరూరా స్టేషన్లు కూలిపోతే, దొంగలు పాపం ఎక్కడుంటారండి?" కోళ్ళ దొంగ తలూపాడు. "కాయితం ఇప్పించండి. అది రోడ్డో ట్రైలరో ఏదో ఒకటి రాసి, ఎళ్ళమని రాయండి. ఎళ్తాను."

ఇదీ కథ. ఇవాళ్టికీ అక్కడే ఆగి ఉంది. వాన పడినప్పుడల్లా సొత్తు పాడవకుండా కానిస్టేబులు మీట లాగి బల్లను కొంచెం వాలుస్తాడు. దాని మీది నీళ్ళు జారిపోతాయి. అందుకని పల్లాలమ్మ గుంతల్లో గుచ్చిన నారు పిలకలు వేసి, ముదురు పచ్చగా, గాలికి ఊగుతోంది. వెదుళ్ళపాడు మొత్తానికి మురుగు పోయే పొలం ఇప్పుడు అదొక్కటే. అది చక్రాల మీద ఉంది, పోలీసు కాపలాలో ఉంది. పల్లాలమ్మ రోజూ యేసోబుకు అన్నం క్యారేజీ తెచ్చి, ఆ నారు దగ్గర కూర్చుని వెళుతోంది. ఇవాళ పొద్దున అడిగాను, చేలో చివరలు ఎంతున్నాయని. ఒక్క వేలు చూపించింది. నిలువుగా కాదు. అడ్డంగా.

అయ్యా, ఇక చాలు. మీ వివరణలు మాకొద్దు. దాన్ని రోడ్డని రాసుకుంటారో, హరిత విభాజకమని రాసుకుంటారో, మీ మేనమామ అని రాసుకుంటారో రాసుకోండి. యేసోబును వదలండి. వెళ్ళమని కాయితం ఇవ్వండి. సత్తిపండు గడ్డీ టైర్లూ తిరిగి ఇవ్వండి. ఆ రోడ్డును మొగ దాకా పోనివ్వండి. మీరు వేసిన అన్ని రోడ్లలో ఒక్కటైనా మనిషి పోవాల్సిన చోటికి పోయిందనిపించుకోండి.

ఇవ్వరా? మంచిది. మీ డివిజను ఆఫీసు గుమ్మం ముందు, చక్రాల కుర్చీల కోసం కట్టిన సిమెంటు వాలు ఒకటి ఉంది. భూమికి ఆనే ఉంది. నిన్న సత్తిపండు బావమరిది ఆటోతో దాని మీదకు ఎక్కాడు, దిగాడు. మేం అందరం చూశాం. అంటే అది రోడ్డు. ఇటు నలభై, అటు నలభై కొలిచాం. ప్రభాకరమూర్తిగారి కుర్చీ రోడ్డు నడిమధ్యలో ఉంది. ఎర్ర రంగు డబ్బా కొన్నాం. పొక్లెయిన్ ఉంది. తాళం ఇస్తానని ఎస్సైగారే అంటున్నారు.

ఆ బల్ల ఇవాళ ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. ఎర్రకోడు మొగ దగ్గర దించమంటారా, మీ గుమ్మం ముందు దించమంటారా? పొద్దు గుంకేలోగా చెప్పండి.